రికార్డు మారింది, కాగితం మారలేదు

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం కొండాపూర్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం. వాడు కొత్తగా టర్న్‌టేబుల్ కొన్నాడు. దాని మీద బెస్సీ స్మిత్ పాటల ఎల్పీ తిరుగుతోంది. మూడు వేలు పెట్టి తెప్పించాడట. సూది కింద చిటపటలు వినమని సైగ చేసి, కళ్ళు మూసుకుని, "పాటంటే ఇదిరా. స్ట్రీమింగ్ వచ్చి సంగీతాన్ని నాశనం చేసింది. ఆ రోజుల్లో ఆర్టిస్టుకి విలువుండేది" అన్నాడు. పక్కనున్న రెండోవాడు, మా ఫీల్డువాడే, వెంటనే అందుకున్నాడు: "నాశనమేంటి? ఇప్పుడు ఎవడైనా తన గదిలో కూర్చుని పాట చేసి ప్రపంచమంతా వినిపించొచ్చు. మధ్యలో దళారీనే లేడు."

ఇద్దరిదీ తప్పే అన్నాను. గొంతు పెంచి వాదించాను గానీ సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

ఇద్దరిదీ నిజానికి ఒకటే పొరపాటు. ఒకడు యంత్రం చెడగొట్టిందంటాడు, ఇంకొకడు యంత్రం బాగుచేసిందంటాడు. అంతా యంత్రం చేతిలోనే ఉందని ఇద్దరూ నమ్ముతారు. నేను చెప్పేది వేరు. గత నూట పాతికేళ్ళలో అమెరికన్ పాటని మోసే వస్తువు ఎన్నోసార్లు మారింది: అచ్చు నోట్సు, పియానో రోల్, గ్రామఫోను, రేడియో, ఎల్పీ, క్యాసెట్, సీడీ, ఎంపీత్రీ, ఇప్పుడు స్ట్రీమింగ్. ఆ పాట ఎవరి సొత్తో రాసిన కాగితం మాత్రం పెద్దగా మారలేదు. ఆర్టిస్టు బతుకు బాగుపడిందా లేదా అన్నది ప్రతిసారీ ఆ కాగితమే తేల్చింది.

ముందుకెళ్ళే ముందు చిన్న వివరణ. ఒక పాటలో రెండు వేర్వేరు ఆస్తులుంటాయి. ఒకటి రాసిన పాట, అంటే మాటలూ బాణీ. దీని హక్కుని పబ్లిషింగ్ అంటారు. రెండోది ఆ పాటని ఫలానా గొంతు ఫలానా రోజున పాడిన రికార్డింగ్. దాన్ని మాస్టర్ అంటారు. రెండిటికీ యజమానులు వేరుగా ఉండొచ్చు, సాధారణంగా ఉంటారు కూడా. పాడిన మనిషి ఈ రెండిట్లో దేనికీ యజమాని కాకపోవడం అమెరికన్ సంగీత చరిత్రలో చాలా మామూలు సంగతి.

*

యంత్రం మీద ఏడవడం కూడా కొత్తేం కాదు. 1906లో జాన్ ఫిలిప్ సూసా, అప్పటి అమెరికాలో అందరికీ తెలిసిన బ్యాండు సంగీతకారుడు, యంత్ర సంగీతం వల్ల ముప్పు ఉందని పెద్ద వ్యాసం రాశాడు. పియానో రోళ్ళూ గ్రామఫోనులూ వచ్చాక ఇళ్ళలో ఎవరూ పాడరు, పిల్లలు సాధన మానేస్తారు అని ఆయన బాధ. మా టర్న్‌టేబుల్ మిత్రుడు ఆరాధించే ఆ యంత్రమే అప్పటి విలన్ అన్నమాట.

కానీ సూసాకి ఇంకో ఫిర్యాదు కూడా ఉంది, అది మనం గుర్తుపెట్టుకోం. తన పాటలతో రోళ్ళు చేసి అమ్ముకునే కంపెనీలు తనకి పైసా ఇవ్వట్లేదు. 1908లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీల పక్షానే తీర్పిచ్చింది. పియానో రోల్ మీద చిల్లులే ఉంటాయి, మనిషి చదవలేడు, కాబట్టి అది పాటకి నకలు కాదంది. బైనరీ ఫైల్ మనిషి చదవలేడు కాబట్టి అది నా కోడ్ కాదన్నట్టు! మరుసటి ఏడాది కాంగ్రెస్ చట్టం చేసి పాట రాసినవాళ్ళకి కాపీకి 2 సెంట్లు ఇవ్వాలంది. మంచిదే. కానీ ఆ 2 సెంట్లు 1977 చివరిదాకా 2 సెంట్లుగానే ఉన్నాయి. రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి, మహా మాంద్యం వచ్చి పోయింది, రాకెన్‌రోల్ పుట్టింది, మనిషి చంద్రుడి మీద దిగాడు, ఆ అంకె మాత్రం కదల్లేదు. కదలకుండా చూసుకునే బలం కొనేవాళ్ళకుంది, అమ్మేవాళ్ళకి లేదు.

ఇది పాట రాసినవాళ్ళ కథ. పాడినవాళ్ళది ఇంకా అన్యాయం. రికార్డింగ్ అనే వస్తువుకి అమెరికా ఫెడరల్ చట్టంలో కాపీరైట్ రక్షణ దొరికింది 1972 ఫిబ్రవరి 15 నుంచే.

*

1920లో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని ఓకే అనే కంపెనీకి "క్రేజీ బ్లూస్" పాడింది. రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లజాతివాళ్ళు కూడా డబ్బులిచ్చి రికార్డులు కొంటారన్న సంగతి కంపెనీలకి అప్పుడు అర్థమైంది. వెంటనే "రేస్ రికార్డ్స్" అని ఒక విభాగం పుట్టింది. దక్షిణాది పల్లెల తెల్లవాళ్ళ పాటలకి "హిల్‌బిల్లీ" అని ఇంకో విభాగం. ఒకే ఊళ్ళో, ఒకే వాద్యాల మీద, చాలాసార్లు అవే బాణీలు వాయించే మనుషుల్ని కేటలాగులో రెండు చోట్ల పెట్టారు. సంగీతం తనంతట తాను విడిపోలేదు. అరలు కట్టింది అమ్మకాల విభాగం.

బెస్సీ స్మిత్ 1923 నుంచి కొలంబియాకి పాడింది. మొత్తం సుమారు 160 రికార్డింగులు. పాటకింత అని చేతిలో పెట్టేవాళ్ళు, రాయల్టీ లేదు. 1937లో కారు ప్రమాదంలో చనిపోతే, సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేకుండా 33 ఏళ్ళు ఉంది. 1970లో జానిస్ జోప్లిన్, చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పనిచేసిన మరో మహిళ డబ్బు పెట్టి రాయి వేయించారు. అదే ఏడాది కొలంబియా ఆవిడ పాటలన్నీ ఎల్పీలుగా మళ్ళీ విడుదల చెయ్యడం మొదలుపెట్టింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు చూడండి, ఇది దానికన్నా ఘోరం. ఇక్కడ సొమ్మూ సోకూ ఒకడివే, గొంతు మాత్రం ఇంకొకరిది.

ఆ రోజుల్లో ఆర్టిస్టుకి విలువుండేదన్నాడు కదా మావాడు. ఆ రోజులంటే ఇవే.

ఇక్కడ రాల్ఫ్ పీర్ గురించి చెప్పుకోవాలి. మేమీ స్మిత్ రికార్డు నాటికి ఓకేలో పనిచేసిన ఇతను తర్వాత విక్టర్ కంపెనీకి వెళ్ళాడు. వెళ్తూ ఒక విచిత్రమైన ఒప్పందం చేసుకున్నాడు. జీతం గురించి పట్టింపు లేదు, తను రికార్డు చేయించే పాటల పబ్లిషింగ్ హక్కులు తనకి వదిలేస్తే చాలు. 1927లో టెనెసీ, వర్జీనియాల సరిహద్దు మీదున్న బ్రిస్టల్ ఊరికి రికార్డింగ్ సామాను మోసుకెళ్ళి కొద్ది రోజుల్లో కార్టర్ ఫ్యామిలీనీ జిమ్మీ రాడ్జర్స్‌నీ పట్టుకున్నాడు. కంట్రీ సంగీతం పుట్టిన చోటుగా ఇవాళ ఆ ఊరికి పేరు. పీర్ మొదలుపెట్టిన పబ్లిషింగ్ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది.

దీన్ని నేను వ్యాపార కథగా చెప్పట్లేదు, సాహిత్య విమర్శగా చెప్తున్నాను. పీర్ ఆదాయం కాపీరైట్‌లో ఉంది. అందుకని అందరికీ తెలిసిన, ఎవరో అప్పటికే నమోదు చేసుకున్న పాటలు అతనికి అక్కర్లేదు. కొత్తవో, లేదా పాతవే అయినా ఇంకా ఎవరూ నమోదు చెయ్యనివో కావాలి. కార్టర్ ఫ్యామిలీ పెద్ద ఏపీ కార్టర్ కొండల్లో ఊరూరా తిరిగి పాటలు పోగుచేసింది అందుకే. ఆయన వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు వెళ్ళేవాడు. కార్టర్ మాటలు రాసుకుంటే, బాణీ గుర్తుపెట్టుకునే పని రిడిల్‌ది. మనిషి రూపంలో టేప్ రికార్డర్! ఆ పాటలు కార్టర్ పేరుమీద నమోదయ్యాయి. రిడిల్ పేరు ఏ కాగితం మీదా లేదు. మనం "జానపద అమెరికా స్వచ్ఛమైన గొంతు" అని తన్మయంగా వినే పాటల్లో ఏవి మిగిలాయి, ఏవి పోయాయి అన్నది కూడా కొంతవరకూ ఒక కాంట్రాక్టులోని షరతు నిర్ణయించింది. సంగీతం గురించి రాస్తూ కాంట్రాక్టు గురించి రాయకపోవడం అంటే, పునాది చూడకుండా ఇంటికి మార్కులెయ్యడమే.

ఆ కేటలాగు అరలు ఎంత గట్టివో కూడా చూడండి. 2019లో లిల్ నాస్ ఎక్స్ అనే నల్లజాతి కుర్రాడి "ఓల్డ్ టౌన్ రోడ్"ని బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ చార్టులోంచి తీసేసింది. అందులో నేటి కంట్రీ లక్షణాలు చాలినన్ని లేవంది. అదే పాట మొత్తం దేశపు చార్టులో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. రేస్ రికార్డుల కాలం పోయి ఎన్నో ఏళ్ళయింది. అర మాత్రం అక్కడే ఉంది.

*

రేడియో వచ్చింది. పాటలు ఉచితంగా గాల్లో తేలుతూ ఇంటింటికీ చేరాయి. అమెరికాలో రేడియోలో పాట వేస్తే రాసినవాళ్ళకి డబ్బొస్తుంది. పాడినవాళ్ళకి రాదు. ఇది పాతకాలం సంగతి కాదు, మామూలు రేడియో స్టేషన్ల విషయంలో ఇవాళ్టికీ ఇంతే. "రెస్పెక్ట్" అనగానే మనకి అరెతా ఫ్రాంక్లిన్ గొంతే వినిపిస్తుంది. రాసింది ఓటిస్ రెడ్డింగ్. 1967 నుంచి అమెరికా రేడియోలో ఆ పాట ఎన్ని లక్షలసార్లు మోగిందో గానీ, అలా మోగినందుకు అరెతాకి హక్కుగా రావాల్సింది సున్నా. గౌరవం అడుగుతూ పాడిన పాటకి!

1941లో పాట రాసేవాళ్ళ సంఘం ఆస్కాప్‌కీ రేడియోవాళ్ళకీ రేట్ల మీద గొడవొచ్చింది. నెలల తరబడి ఆస్కాప్ పాటలు రేడియోలో వినపడలేదు. రేడియోవాళ్ళు అప్పటికే బీఎంఐ అని పోటీ సంఘం పెట్టుకుని, ఆస్కాప్ గేటు బయట నిలబెట్టిన బ్లూస్, కంట్రీ రచయితల్ని చేర్చుకున్నారు. ఎంతోమందికి మేలే జరిగింది. కానీ ఏనుగులు పోట్లాడుకుంటే నలిగేది గడ్డే కదా. నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే ప్రసిద్ధ రేడియో కార్యక్రమపు తొలి తారల్లో ఒకడు డీఫోర్డ్ బెయిలీ, నల్లజాతి హార్మోనికా విద్వాంసుడు. ఆయనకి పేరు తెచ్చిన పాటలు ఈ గొడవలో చిక్కుకుని ప్రసారానికి పనికిరాకుండా పోయాయి. 1941లో ఆయన్ని తీసేశారు. తర్వాత దశాబ్దాల పాటు నాష్‌విల్‌లో బూట్లు పాలిష్ చేసే దుకాణం నడిపి బతికాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చింది 2005లో, ఆయన పోయిన ఇరవై ఏళ్ళకి పైగా గడిచాక.

1950లు. రాకెన్‌రోల్. 1955లో చక్ బెర్రీ మొదటి హిట్ "మేబెలీన్" వచ్చినప్పుడు, రాసినవాళ్ళ పేర్లలో బెర్రీ పక్కన ఇంకో ఇద్దరున్నారు. ఒకడు అలన్ ఫ్రీడ్, రేడియోలో పాటలు వేసే పేరున్న డిస్క్ జాకీ. పాటకి ఆయన కలిపిన అక్షరం లేదు, కలిపింది రేడియో సమయం. బెర్రీ తన పాటని పూర్తిగా తన పేరుమీదకి తెచ్చుకునేసరికి 1986 అయింది. 1959, 60ల్లో కాంగ్రెస్ ఈ లంచాల మీద విచారణ జరిపింది. ఫ్రీడ్ బతుకు కూలిపోయింది. డబ్బు తీసుకుని పాట వేస్తే ఆ సంగతి శ్రోతలకి చెప్పి తీరాలని చట్టం వచ్చింది. ఈ చట్టం గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇదంతా జాతి వివక్షే కదా, కాగితం గొడవేముంది అని ఒక అభ్యంతరం రావచ్చు. న్యాయమైన అభ్యంతరమే. ఎవరి చేత ఏ కాగితం మీద సంతకం పెట్టించగలరన్నది చాలావరకు ఒంటిరంగే తేల్చింది. కానీ మోటౌన్ చూడండి. 1959లో డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ అనే నల్లజాతి యువకుడు ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని పెట్టిన కంపెనీ. నాకు ప్రాణం. యజమాని రంగు మారింది. కాగితం? రికార్డింగులు గోర్డీవి, పబ్లిషింగ్ గోర్డీ సొంత కంపెనీ జోబెట్‌ది, ఆర్టిస్టుల మేనేజ్‌మెంటు కూడా గోర్డీ మనుషులదే. ఆ హిట్లన్నిటికీ వెనక వాయించిన ఫంక్ బ్రదర్స్ పేర్లు ఆల్బం కవరు మీద మొదటిసారి కనపడింది 1971లో. 1988లో గోర్డీ మోటౌన్‌ని 61 మిలియన్ డాలర్లకి అమ్మాడు. జోబెట్ మాత్రం అట్టేపెట్టుకున్నాడు. 1997లో అందులో సగం వాటా ఒక్కటే 132 మిలియన్లకి వెళ్ళింది. పాటల కంపెనీ మొత్తం కన్నా పాటల కాగితంలో సగానికి రెట్టింపు ధర! గోర్డీకి తెలుసు అసలు ఆస్తి ఎక్కడుందో.

*

ఇప్పుడు మా తరం కథకొద్దాం. నాప్‌స్టర్ వచ్చి సంగీత పరిశ్రమని దోచుకుందని మనకి చెప్పిన కథ. నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఆ దోపిడీ ఫలాలు అనుభవించినవాణ్ణే, లాన్ మీద షేర్ చేసిన ఫోల్డర్లలోంచి నాలుగేళ్ళు విన్నాను. తప్పు కాదని వాదించను. కానీ దోచుకోబడ్డ ఇల్లు ఎలా ఉండేదో చూద్దాం.

1994లో విడుదలైన టీఎల్‌సీ ఆల్బం కోటి కాపీలు దాటింది. ఆ ముగ్గురమ్మాయిలు 1995లో దివాలా పిటిషన్ వేశారు. ఎలా సాధ్యం? హోమ్ లోన్ ఉన్నవాళ్ళకి ఇలా చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. లేబుల్ ఆర్టిస్టుకి అడ్వాన్సు ఇస్తుంది. అది జీతం కాదు, అప్పు. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో వాటా, అన్నీ ఆ అప్పు ఖాతాలోకే. అప్పు తీరేది మొత్తం అమ్మకాల్లోంచి కాదు, ఆర్టిస్టుకి వచ్చే చిన్న రాయల్టీ వాటాలోంచి. లక్ష డాలర్ల అప్పు, పది శాతం రాయల్టీ అనుకోండి. పది లక్షల అమ్మకం జరిగితే అప్పు తీరి ఆర్టిస్టు చేతిలో సున్నా. తొమ్మిది లక్షలు అప్పటికే లేబుల్ దగ్గరికి వెళ్ళాయి. ఇంతవరకూ సరే అనుకుందాం. కానీ ఈఎంఐలన్నీ కట్టాక బ్యాంకు మీ ఇంటి పత్రాలు మీకు తిరిగిస్తుంది. ఇక్కడ అప్పు తీరాక కూడా ఇల్లు బ్యాంకుదే!

వినేవాళ్ళనేమన్నా వదిలారా? 2000లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చిన లెక్క ప్రకారం, ఐదు పెద్ద కంపెనీలు సీడీల ధర తగ్గకుండా దుకాణాలతో పెట్టుకున్న ఏర్పాటు వల్ల మూడేళ్ళలో జనం సుమారు 480 మిలియన్ డాలర్లు ఎక్కువ కట్టారు. నాప్‌స్టర్ 1999లో వచ్చింది. అదే 1999లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ ఆదాయం సుమారు 14.6 బిలియన్ డాలర్లతో శిఖరాన ఉంది. మావాడి స్వర్ణయుగపు బంగారం ఎవరి పెట్టెలో ఉండేదో చెప్పడానికి ఇంకేం కావాలి?

1999లోనే ఇంకొకటి జరిగింది. నన్ను ఈ విషయంలోకి లాగింది నిజానికి అదే. అమెరికా చట్టంలో ఒక మంచి నియమం ఉంది. హక్కులు రాసిచ్చేసినా, 35 ఏళ్ళ తర్వాత సృష్టికర్త వాటిని వెనక్కి అడగొచ్చు. పెద్ద మినహాయింపు ఒకటుంది: "వర్క్ ఫర్ హైర్". అంటే ఉద్యోగంలో భాగంగా చేసిన పని మొదట్నుంచీ యజమానిదే, వెనక్కి తీసుకోడానికేం లేదు. 1999 నవంబరులో శాటిలైట్ టీవీకి సంబంధించిన ఒక బిల్లులో, సాంకేతిక సవరణ పేరుతో, సౌండ్ రికార్డింగులు కూడా ఈ కోవలోకే వస్తాయని రెండు మూడు మాటలు చేర్చారు. ఆర్టిస్టులు గగ్గోలు పెట్టారు. డాన్ హెన్లీ, షెరిల్ క్రో లాంటివాళ్ళు కాంగ్రెస్ దాకా వెళ్ళారు. 2000లో ఆ మాటలు తీసేశారు. వాటిని చేర్చిన కాంగ్రెస్ ఉద్యోగి మాత్రం కొద్ది నెలలకే రికార్డింగ్ కంపెనీల సంఘంలో చేరాడు. తర్వాత ఆ సంఘానికి అధిపతి కూడా అయ్యాడు.

ఇది చదివిన రోజు నా అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూసుకున్నాను. నేను రాసే ప్రతి లైను కంపెనీదే అని ఉంది. సంతకం పెట్టినప్పుడు చదవలేదు, మీలో చాలామంది చదివుండరు. కానీ నాకు ప్రతి నెలా ముప్పయ్యో తారీకున జీతం పడుతుంది. పీఎఫ్ ఉంది, ఇన్సూరెన్సు ఉంది. నేను రాసిన ఫీచర్ ఫెయిలైతే సర్వర్ ఖర్చు నా అప్పు ఖాతాలో వెయ్యరు. ఆర్టిస్టులకి ఉద్యోగి భద్రత ఒక్కటీ ఇవ్వకుండా, ఉద్యోగి వదులుకునే హక్కు మాత్రం లాక్కోవాలని చూశారు. నష్టమొస్తే నువ్వు వ్యాపారివి, లాభమొస్తే నువ్వు కూలివి. ఇంతకన్నా తెలివైన కాంట్రాక్టు నేనెక్కడా చూళ్ళేదు.

*

మరి రెండోవాడి సంగతి? దళారీ లేడన్నవాడు?

ముందు యంత్రానికి దక్కాల్సిన మెప్పు దక్కాలి. 1991 దాకా బిల్‌బోర్డ్ ఆల్బం చార్టులు దుకాణాలకి ఫోన్లు చేసి, ఏవి బాగా పోతున్నాయని అడిగి తయారుచేసేవాళ్ళు. ఆ ఏడాది మే నుంచి సౌండ్‌స్కాన్ వచ్చింది, బార్‌కోడ్ లెక్క. కొద్ది వారాల్లోనే ర్యాప్ బృందం ఎన్‌డబ్ల్యూఏ మొదటి స్థానానికి చేరింది. కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ పైకి లేచాడు. జనం ఏం కొంటున్నారో అడిగి రాసుకున్నప్పుడు కనపడనిది, లెక్కపెట్టినప్పుడు కనపడింది. నిజాయితీగా లెక్కపెట్టే యంత్రం మంచిదే. గదిలో కూర్చుని పాట చెయ్యగలగడం కూడా మంచిదే.

కానీ దళారీ పోలేదు, దుస్తులు మార్చాడు. 2023లో అమెరికా రికార్డింగ్ ఆదాయం 17.1 బిలియన్ డాలర్లు, అందులో 84 శాతం స్ట్రీమింగ్. ధరల పెరుగుదల కలిపి చూస్తే 1999 కన్నా తక్కువే గానీ, పరిశ్రమ చచ్చిపోలేదు. స్పాటిఫై మొదలైనప్పుడు పెద్ద లేబుళ్ళు పాటలిచ్చినందుకు అందులో వాటాలు కూడా తీసుకున్నాయి. కొత్త దుకాణంలో పాత యజమానులే కూర్చున్నారు.

డబ్బు పంచే పద్ధతి చూడండి. మీరు నెలంతా డీఫోర్డ్ బెయిలీనే విన్నారనుకోండి. మీ చందా ఆయన హక్కుదారులకి వెళ్ళదు. అందరి చందాలూ ఒక కుండలో పోసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో దాని ప్రకారం పంచుతారు. మీరు వినని పాటకి మీ డబ్బు వెళ్తుంది. ఎవరి చందా వాళ్ళు విన్నవాళ్ళకే పంచడం కోడ్‌లో కష్టమేం కాదు, ఇంటర్వ్యూలో ఫ్రెషర్‌ని అడగొచ్చు. చెయ్యకపోవడం సాంకేతిక సమస్య కాదు, ఒప్పందం. 2024 నుంచి ఏడాదికి వెయ్యి స్ట్రీముల లోపున్న పాటకి స్పాటిఫైలో రికార్డింగ్ రాయల్టీ లేదు. 2020లో "డిస్కవరీ మోడ్" అని ఒకటి పెట్టారు. తక్కువ రాయల్టీకి ఒప్పుకుంటే మీ పాటని ఆల్గరిథమ్ ఎక్కువమందికి వినిపిస్తుంది. ఫ్రీడ్ చేతిలో కవరు పెట్టినట్టు ఇది చట్టవిరుద్ధం కాదు, నిజమే. రేడియో కోసం రాసిన చట్టం యాప్‌కి వర్తించదు. కానీ వినే మనిషి వైపు నుంచి చూడండి. ఈ పాట నాకు నచ్చుతుందని వచ్చిందా, చవగ్గా దొరికిందని వచ్చిందా? ఫలానా పాట అలా వచ్చిందని ఆ పాట పక్కన రాసి ఉండదు. 1960లో కనీసం దాన్ని లంచం అన్నారు. మనం ఫీచర్ అంటున్నాం, స్ప్రింట్‌లో పెట్టి, రిలీజ్ చేసి, కేక్ కోసుకుంటున్నాం.

ఇక కళ మీద ప్రభావం అంటారా? ముప్పై సెకన్లు వింటేనే స్ట్రీముగా లెక్క అన్న నియమం ఉన్నప్పుడు, పల్లవి మొదటి ముప్పై సెకన్లలోకే పరిగెత్తుకొస్తుంది. పీర్ షరతు కార్టర్‌ని కొండల్లో తిప్పినట్టే. "ఈ కాలం పాటలకి ఓపిక లేదు" అని వ్యాసాలు రాసేవాళ్ళు ఆ నియమం గురించి ఒక్క పేరా రాయరు.

*

కాగితం ఎప్పుడూ మారలేదా? మారింది. 1942 ఆగస్టు 1న అమెరికన్ వాద్యకారుల సంఘం జేమ్స్ పెట్రిల్లో నాయకత్వంలో సమ్మె మొదలుపెట్టింది. రికార్డులు మా పొట్ట కొడుతున్నాయి, రికార్డు అమ్మినప్పుడల్లా మా నిధికి కొంత కట్టాలి, అప్పటిదాకా స్టూడియోల్లో వాయించం అన్నారు. యుద్ధకాలంలో ఈ సమ్మేంటని పత్రికలు తిట్టాయి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ విరమించమని కోరినా ఆపలేదు. డెక్కా 1943లో, కొలంబియా, ఆర్‌సీఏ విక్టర్ 1944 నవంబరులో దిగొచ్చాయి. ఆ డబ్బుతో పనిలేని వాద్యకారుల చేత ఊళ్ళలో ఉచిత కచేరీలు చేయించారు. పెట్రిల్లో మొండివాడు, నియంతలాంటివాడు, నచ్చనివి చాలా ఉన్నాయి. కానీ యంత్రాన్ని శపించడం, యంత్రానికి హారతివ్వడం, ఈ రెండూ కాకుండా మూడో దారి ఉందని చూపించినవాడు ఆయనే. యంత్రం ఉండనీ, లెక్క మాత్రం మళ్ళీ రాద్దాం.

టేలర్ స్విఫ్ట్ చేసిందీ అదే, ఒంటరిగా. తన మొదటి ఆరు ఆల్బముల మాస్టర్లు 2019లో తన ప్రమేయం లేకుండా చేతులు మారితే, పాటలు రాసిన హక్కు తనకుంది కాబట్టి వాటిలో నాలుగింటిని మళ్ళీ పాడి విడుదల చేసింది. 2025లో మాస్టర్లే కొనుక్కుంది. గొప్ప విజయం. కానీ తన గొంతుని తనే కొనుక్కోవాలంటే ప్రపంచంలో అతి ధనవంతురాలైన గాయని కావాలి అన్నది విజయగాథ ఎలా అవుతుంది?

మనకీ ఈ గొడవ కొత్త కాదు. 2017 మార్చిలో బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా నుంచి నోటీసు వచ్చింది, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని. ఇక నుంచి ఆ పాటలు పాడలేనని బాలు గారు ఫేస్‌బుక్‌లో రాశారు. ఆ వారం మన గోడల మీద ఎంత కన్నీరు కారిందో గుర్తుందా? "పాట దేవుడిది", "స్నేహం కన్నా డబ్బెక్కువా". ఎవరిది ఒప్పో నేను తేల్చను. నాకూ బాధేసింది. కానీ ఆ కన్నీళ్ళలో ఒక్క ప్రశ్న ఎందుకు లేదు: ఆ పాట మోగినప్పుడు రాసిన వేటూరికి, బాణీ కట్టిన రాజాకి, పాడిన బాలుకి చట్టం ఏమిస్తోంది, ఏం దక్కుతోంది? 2012లో మన కాపీరైట్ చట్టం మార్చి, పాట రచయితా సంగీత దర్శకుడూ రాయల్టీ వాటా వదులుకుంటున్నామని రాసిచ్చినా అది చెల్లదన్నారు. దాని మీద మన సాహిత్య పత్రికల్లో నేను చదివిన వ్యాసాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాగితం గురించి మాట్లాడితే కళ మైలపడుతుందని మన భయం. ఆ భయం మీదే కంపెనీలు మేడలు కట్టాయి.

ఆ ఆదివారం వాదన ఎటూ తేలలేదు. వచ్చేముందు ఎల్పీ కవరు వెనక్కి తిప్పి మావాడికి చూపించాను. అడుగున చిన్న అక్షరాల్లో, వలయంలో పి అక్షరం పక్కన హక్కుదారు పేరు: సోనీ. బెస్సీ స్మిత్ 1937లో చనిపోయింది. సోనీ పుట్టింది 1946లో. కొలంబియా దాని చేతికొచ్చింది 1988లో. మావాడు కాసేపు చూసి, "అయితే ఏంటి, కొనడం మానెయ్యాలా?" అన్నాడు. అక్కర్లేదురా, కొను. విను. కానీ ఆ రోజుల గురించి ఇంకోసారి చెప్పేటప్పుడు, కవరు ముందు వైపుతో పాటు వెనకవైపు కూడా చదివి చెప్పు.